ఎనిమిదికి ఎనిమిది వచ్చాక ఇంకా మాత్ర ఎందుకు?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు, రిపోర్టుల ఫొటోలు కూడా పెట్టారు. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి పుట్టిల్లు ఆత్రేయపురం చుట్టుపక్కల ఒక పల్లె అని మాత్రం చెప్తాను. అమ్మకి 61 ఏళ్లు, నాన్నగారు లేరు. కొడుకూ కోడలి దగ్గర ఉంటూ, కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారి దగ్గర నేర్చుకున్న పని, పూతరేకులు తీయడం, ఇప్పటికీ చేస్తున్నారు. మూడేళ్ల కిందట కుడి రొమ్ములో గడ్డ తగిలింది. రాజమండ్రిలో ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు, తరవాత కీమో, రేడియేషన్ అయ్యాయి, అప్పట్నుంచీ రోజుకొక లెట్రోజోల్ మాత్ర, ఐదేళ్లు వాడమన్నారు. రిపోర్టులో ఈఆర్, అంటే ఈస్ట్రోజెన్ హార్మోన్ రిసెప్టర్, 90 శాతం, స్కోరు ఎనిమిదికి ఎనిమిది. పీఆర్, అంటే ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ రిసెప్టర్, 5 శాతం, ఎనిమిదికి మూడు. హెర్2 అనే ఇంకో ప్రోటీన్ నెగటివ్. గడ్డ 2.6 సెంటీమీటర్లు, చంకలోంచి తీసిన గ్రంథుల్లో రెండింట్లో జబ్బు కనబడింది.

డాక్టరుగారు అప్పట్లో "ఇది మంచి రకం, హార్మోన్ పాజిటివ్, కంగారు పడకండి" అన్నారట. ఆ మాట పట్టుకుని వాళ్ల అన్నయ్య అడిగిన ప్రతివాళ్లకీ "అమ్మకి ఎనిమిదికి ఎనిమిది వచ్చింది" అని టెన్త్ మార్కుల్లా చెప్తూ వచ్చాడు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు రేకులు సర్దే అట్టపెట్టె అడుగున విప్పని మాత్రల స్ట్రిప్పులు నాలుగు దొరికాయి, ఒక్కోదాంట్లో పదేసి. అడిగితే అమ్మ చేతులు చూపించింది. పొద్దున్న లేస్తే పిడికిలి మూసుకోదు. పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద లాగడం ఎలాగో అవుతోంది కానీ, ఆ పల్చటి రేకుని అంచు పట్టి లేపేటప్పుడు వేళ్లు మాట వినక చిరిగిపోతోంది, చిరిగిన రేకు ఎవడు కొంటాడు. "ఈ బలం మందు నాకొద్దే, దీంతో నా చేతులు పోయాయి" అందట. బలం మందు అని ఎందుకందంటే ఇంట్లో అలాగే చెప్పారు. అది క్యాన్సర్ అని అమ్మకి ఎవరూ నోరు విప్పి చెప్పలేదు, గడ్డ తీశారు, బలానికి మాత్ర ఇచ్చారు, అంతే.

ఈవిడ గోల చేస్తే అన్నయ్య "మూడేళ్లయింది, చెకప్పులన్నీ బాగున్నాయి, మంచి రకమని డాక్టరే చెప్పారు, ఇంకా ఆవిణ్ణి ఎందుకు ఏడిపించడం, నువ్వు హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్లో డాక్టరువైపోకు" అన్నాడు. పండగ అక్కడితో చెడింది. మీద ఇంకో భయం: అమ్మ చెల్లెలు, ఈవిడ పిన్ని, 44వ ఏట ఇదే జబ్బుతో పోయింది, ఆవిడ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ నెగటివ్, రెండేళ్లు కూడా తిరగలేదు. ఇవీ ఆవిడ ప్రశ్నలు: మంచి రకమైతే మాత్ర ఎందుకు, మానేస్తే ఏమవుతుంది, పీఆర్ 5 శాతమే ఉందంటే సగమే మంచి రకమా, అమ్మకి నిజం చెప్పాలా, నాకూ తొమ్మిదో తరగతి చదివే నా కూతురికీ కూడా వస్తుందా.

చూడండమ్మా, ముందు మీ అన్నయ్య మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆయన చెప్పింది అబద్ధం కాదు, సగం దగ్గర ఆగిపోయింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇలాంటి స్లైడులు చూడటమే నా పని కాబట్టి ఆ ఎనిమిది మార్కులు ఎలా వేస్తారో చెప్తాను. గడ్డ ముక్కని ఫార్మలిన్‌లో ఊరనిచ్చి, మైనంలో పోసి దిమ్మ కట్టి, వెంట్రుక మందంలో ఎన్నో వంతు పల్చటి పొరలుగా కోసి గాజు పలక మీద పెట్టి రంగు వేస్తాం. ఈస్ట్రోజెన్‌ని పట్టుకునే ప్రోటీన్, అంటే రిసెప్టర్, ఏ కణంలో ఉందో దాని నడిబొడ్డు గోధుమ రంగుకి తిరుగుతుంది, లేని కణం నీలంగా ఉండిపోతుంది. నూటికి ఎన్ని తిరిగాయన్నదానికి ఐదు దాకా, ఎంత ముదురుగా తిరిగాయన్నదానికి మూడు దాకా, కలిపి ఎనిమిది. నూటికి ఒక్క కణం రంగు తిరిగినా పాజిటివ్ అనే రాస్తారు, పదిలోపు ఉంటే తక్కువ పాజిటివ్ అని విడిగా చెప్తారు. మీ అమ్మగారిది 90, ముదురు గోధుమ, అందులో సందేహానికి తావు లేదు. కానీ ఆ మార్కులు గడ్డకి వేసినవి. ఆ గడ్డ బతకడానికి, పెరగడానికి ఈస్ట్రోజెన్ మీద ఎంత ఆధారపడిందో చెప్పే మార్కులు. ఎనిమిదికి ఎనిమిది అంటే బాగా ఆధారపడిందని, అంటే ఈస్ట్రోజెన్ అందకుండా చేస్తే దెబ్బ గట్టిగా తగులుతుందని. ఆ అందకుండా చేసే పని చేస్తున్నది ఆ అట్టపెట్టె అడుగున దొరికిన మాత్రే.

ఈ పరీక్ష పుట్టిందే అందుకు. 1896లో గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే సర్జను, రొమ్ము క్యాన్సర్ ముదిరిపోయి, ఇంకా ముట్లు ఆగని ఆడవాళ్లకి అండాశయాలు తీసేస్తే గడ్డలు కరగడం చూశాడు. అందరికీ కరగలేదు, కొందరికే. ఎందుకు కొందరికే అన్నదానికి జవాబు దొరకడానికి అరవై ఏళ్లు దాటింది, షికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ ఈ రిసెప్టర్‌ని చూపించేదాకా. ఎవరికి హార్మోన్ ఆపితే పని చేస్తుందో ముందే తెలుసుకుందామని ల్యాబుల్లో కొలవడం మొదలుపెట్టారు. తీరా కొలుస్తుంటే ఇంకో సంగతి బయటపడింది: రిసెప్టర్ లేనివాళ్లకి జబ్బు త్వరగా తిరగబెడుతోంది, ఉన్నవాళ్లకి నెమ్మదిగా. 1977 నాటికి ఆ మాట అచ్చులో వచ్చింది. అప్పట్నుంచీ ఒకే పరీక్షకి రెండు ఉద్యోగాలు. జబ్బు తీరు ఎలా ఉండబోతోందో చెప్పడం ఒకటి, ఏ మందు పని చేస్తుందో చెప్పడం ఇంకొకటి. డాక్టర్లు "మంచి రకం" అన్నప్పుడు ఈ రెండూ కలిపి ఒక్క మాటలో పడేస్తారు, ఓపీలో బయట యాభైమంది ఉంటే ఇంకేం చెప్తారు, కానీ ఇంటికి చేరేసరికి మొదటి సగమే మిగులుతుంది. గడ్డ నైజం వల్ల వచ్చే మంచి కొంతే. మిగతా మంచి ఆ మాత్ర వల్ల రావాలి, అది మింగితేనే వస్తుంది.

ఎంత వస్తుంది అంటే, ఈఆర్ పాజిటివ్ ఉన్నవాళ్ల మీద పాత మందు టామోక్సిఫెన్‌తో చేసిన పరిశోధనలన్నీ కలిపి లెక్కేస్తే, ఐదేళ్లు వాడినవాళ్లలో ఆ ఐదేళ్లలో తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది, 15 ఏళ్ల లెక్క తీస్తే ఈ జబ్బుతో చావులు మూడో వంతు తగ్గాయి. ముట్లు ఆగిపోయినవాళ్లలో లెట్రోజోల్ జాతి మాత్రలు దానికంటే ఇంకొంచెం మెరుగ్గా పనిచేస్తాయి. ఏడాదో రెండేళ్లో వాడి ఆపేసినవాళ్లకంటే ఐదేళ్లూ వాడినవాళ్లకి మేలు స్పష్టంగా ఎక్కువ. ఈఆర్ నెగటివ్ వాళ్లకి ఈ మందు ఇచ్చినా ఇవ్వకపోయినా తేడా లేదు, అందుకే మీ పిన్నికి ఇవ్వలేదు.

ఇప్పుడు మూడేళ్లయింది కదా అన్న మాట. ఇక్కడే మీ అన్నయ్య పొరబడ్డారు, ఆయనొక్కరే కాదు, నేను చూసిన ఇళ్లలో సగం ఇక్కడే పొరబడతాయి. పిన్నిని చూసిన కళ్లతో అమ్మని చూస్తున్నారు. మూడూ నెగటివ్ వచ్చే రకం గోదారికి శ్రావణంలో వచ్చే ఎర్రనీటి వరద లాంటిది, వస్తే మొదటి రెండు మూడేళ్లలోనే విరుచుకుపడుతుంది, ఐదేళ్లు దాటితే చాలావరకు తీసేసినట్టే. హార్మోన్ పాజిటివ్ రకం సముద్రం వైపు చేలల్లోకి ఎక్కే ఉప్పునీరు, మొదట్లో ఏమీ కనబడదు, ఏడాదికి కొంచెం కొంచెంగా పదేళ్లు, పదిహేనేళ్లు ఆ ముప్పు ఉంటూనే ఉంటుంది. కాబట్టి మూడేళ్లు బాగుండటం పిన్ని లాంటి రిపోర్టు ఉన్నవాళ్లకి చాలా పెద్ద మాట, మీ అమ్మగారి విషయంలో సంతోషించాల్సిన మాటే కానీ మాత్ర ఆపడానికి కారణం కాదు.

అంకె కావాలంటే ఒకటి చెప్తాను, ఒక్కరే కూర్చుని చదివి బెంగ పెట్టుకోకండి. ఐదేళ్లు హార్మోన్ మందు వాడి అప్పటిదాకా ఏ ఇబ్బందీ లేని 62,923 మంది ఆడవాళ్ల వివరాలు కలిపి 2017లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. అందులో మీ అమ్మగారి లాంటి వాళ్లు, అంటే గడ్డ రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు, చంకలో ఒకటి నుంచి మూడు గ్రంథులు, వాళ్లలో ఐదో ఏడు తరవాత ఇరవయ్యో ఏడు లోపల నూటికి 26 మందికి జబ్బు వేరే అవయవాల్లో బయటపడింది. నూటికి 74 మందికి పడలేదన్నది కూడా అదే అంకె. వాళ్లలో చాలామంది పాతకాలపు వైద్యం చేయించుకున్నవాళ్లు, ఇప్పుడు పరిస్థితి ఇంకొంచెం మెరుగే అయి ఉంటుంది. పైగా వాళ్లంతా ఐదేళ్ల మందు రాయించుకున్నవాళ్లు, రెండున్నరేళ్లకి ఆపినవాళ్ల లెక్క కాదది.

పీఆర్ గురించి ఎక్కువ మథనపడకండి. మామూలుగా ఈస్ట్రోజెన్ రిసెప్టర్ సరిగ్గా పనిచేస్తుంటేనే కణం ప్రొజెస్టిరాన్ రిసెప్టర్‌ని తయారుచేసుకుంటుంది, కాబట్టి పీఆర్ బాగా ఉంటే లోపల ఆ దారి తెరిచే ఉందని ఒక సాక్ష్యం. రెండూ దండిగా ఉన్నవాళ్ల కంటే పీఆర్ తక్కువున్న వాళ్లలో జబ్బు కాస్త చురుగ్గా ఉంటుంది, అది నిజమే. కానీ మందు వాడాలా వద్దా అన్నది నిర్ణయించేది ఈఆర్, పీఆర్ తక్కువైనంత మాత్రాన లెట్రోజోల్ పనిచేయదని ఎవరూ అనరు. చెప్పాలంటే పీఆర్ తక్కువ ఉండటం మాత్ర మానకపోవడానికే ఇంకో కారణం. ఆ అంకె మీద అనుమానం తీరకపోతే ఆసుపత్రిలో మైనం దిమ్మ, దాన్ని బ్లాక్ అంటారు, దాచి ఉంచుతారు, అడిగి తీసుకుని ఇంకో చోట చూపించుకోవచ్చు. ముక్కని ఫార్మలిన్‌లో ఆలస్యంగా వేసినా, సరిపడా సేపు ఉంచకపోయినా రంగు తక్కువ తేలే అవకాశం ఉంది, అందుకే అంత బలమైన ఈఆర్ పక్కన అంత తక్కువ పీఆర్ కనబడితే నేనైతే ఒకసారి మళ్లీ వేసి చూడమనేదాన్ని. వైద్యం మారదు కాబట్టి డబ్బు ఇబ్బందిగా ఉంటే వదిలేయండి.

అసలు సంగతి అమ్మ చేతులు. మీ ఉత్తరంలో రిపోర్టుల గురించి రెండు పేజీలు, చేతుల గురించి నాలుగు లైన్లు రాశారు. ఆవిడకి మాత్రం అదే మొత్తం ఉత్తరం. ఆ నొప్పి ఊహ కాదు. ముట్లు ఆగాక అండాశయాలు ఈస్ట్రోజెన్ చేయవు, కానీ కొవ్వులో ఒక ఎంజైమ్ వేరే హార్మోన్లని కొంచెం కొంచెంగా ఈస్ట్రోజెన్‌గా మారుస్తూనే ఉంటుంది, లెట్రోజోల్ ఆపేది దాన్ని. ఒంట్లో ఈస్ట్రోజెన్ అడుగంటితే కీళ్లు బిగుస్తాయి, ముఖ్యంగా వేళ్లు, మణికట్లు, మోకాళ్లు, అదీ పొద్దున్న పూట. ఈ ఒక్క కారణంతో మాత్ర మధ్యలో వదిలేసేవాళ్లు అమెరికాలోనూ బోలెడుమంది. అయితే ఒక మాట అడగండి: నాలుగు స్ట్రిప్పులంటే ఆపి నెలకి పైనే అయింది కదా, మరి ఇప్పుడు చేతులు ఎలా ఉన్నాయి? తేలికపడితే మాత్ర వల్లే అని గట్టిగా అనుకోవచ్చు. ఏమీ తేడా లేకపోతే వేరే కారణం వెతకాలి, థైరాయిడ్, కీళ్లవాతం, షుగర్, లేకపోతే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం. రాత్రిపూట వేళ్లు తిమ్మిరెక్కి నిద్ర లేస్తుంటే అది ఈ నరం సంగతి కావచ్చు, ఏళ్ల తరబడి మణికట్టు అదే తీరుగా తిప్పే పని ఆవిడది. ఆ జవాబు ఏదైనా సరే డాక్టరుకి చెప్పకుండా దాచకండి, రెండు నెలలు వేసుకోలేదని చెప్తే తిడతారేమోనని చాలామంది "వేసుకుంటోందండీ" అంటారు, అక్కడితో డాక్టరు చేతులు కట్టేసినట్టే.

మాత్ర వల్లే అని తేలితే దారులు ఉన్నాయి. అదే మాత్ర కొనసాగిస్తూ నొప్పికి వైద్యం చేయించుకోవచ్చు. నమ్మరుగానీ వ్యాయామం వల్ల ఈ నొప్పులు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది, రోజూ కాలవగట్టు మీద చెమట పట్టేలా నడక, చేతులకి గోరువెచ్చని నీళ్లలో వేళ్లు ముడిచి తెరిచే కసరత్తు, విటమిన్ డి తక్కువుంటే దానికి మందు. అవసరమైతే డులోక్సెటిన్ అనే మాత్ర కూడా రాస్తారు, అది అసలు మానసిక వైద్యుల మందు, చీటీ చూసి మందుల షాపులో ఎవరో ఏదో అంటే కంగారు పడొద్దు. ఈ దారిలో కలిగే మేలు నెమ్మది, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి, రేకులు వెంటనే రావు.

రెండోది అదే జాతిలో వేరే మాత్రకి మారడం, అనస్ట్రోజోల్ గానీ ఎక్సిమెస్టేన్ గానీ. పని ఒకటే, కానీ ఒకటి పడనివాళ్లలో చాలామందికి ఇంకొకటి పడుతుంది, ఎందుకో స్పష్టంగా చెప్పలేరు గానీ పడుతుంది. మార్చేముందు కొన్ని వారాలు ఏ మాత్రా లేకుండా ఉంచి నొప్పి తగ్గాక కొత్తది మొదలుపెడతారు. ఆ పని మీ అమ్మ చెప్పకుండానే చేసేసింది కాబట్టి ఇప్పుడు వెళ్లడానికి ఇదే మంచి సమయం.

మూడోది టామోక్సిఫెన్. కీళ్ల నొప్పులు దీంతో తక్కువ, ముట్లు ఆగినవాళ్లకి ఎముకలకి మంచిదే. ఒళ్లంతా వేడి ఆవిర్లు వస్తాయి, కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు కొంచెం పెరుగుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా గర్భసంచి లోపలి పొర మందమయ్యి అరుదుగా అక్కడ క్యాన్సర్ రావచ్చు, కాబట్టి ముట్లు ఆగాక మళ్లీ ఒక్క చుక్క కనబడినా వెంటనే వెళ్లాలి. మీరు రాయలేదుగానీ, అమ్మగారికి గర్భసంచి ఉందా? మన వైపు నలభై దాటకుండానే తీయించేసుకున్నవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. ఈ విషయంలో మాత్రం అది కలిసొస్తుంది, గర్భసంచి లేకపోతే ఆ భయం లేనట్టే. క్యాన్సర్‌ని ఆపడంలో లెట్రోజోల్ కంటే ఒక మెట్టు తక్కువే, కానీ పెట్టెలో దాచిన లెట్రోజోల్ కంటే కడుపులోకి వెళ్లే టామోక్సిఫెన్ ఎన్నో రెట్లు మేలు.

మానేయడం కూడా ఒక దారే, దాన్ని లేదనను. ఒళ్లు ఆవిడది. అన్నీ తెలిసి, డాక్టరుతో మాట్లాడి, చేతులు లేని పదేళ్ల కంటే ముప్పుతో ఉన్న పదేళ్లు నాకిష్టం అని ఆవిడ అంటే నేను గౌరవిస్తాను. కానీ ఇప్పుడు జరిగింది అది కాదు కదా, బలం మందు పడలేదని మానేసింది. మూడు నెలలు విరామం ఇచ్చి వాడినా పరవాలేదని తేలింది కదా అని మీకు ఎక్కడైనా కనబడొచ్చు. ఆ పరిశోధన మొదటి ఐదేళ్ల మందు దాదాపు పూర్తయ్యాక, ఇంకో ఐదేళ్లు పొడిగించినవాళ్ల మీద చేసింది. మీ అమ్మకి అది వర్తించదు.

ఏ దారి పట్టినా ఎముకల పరీక్ష, డెక్సా అంటారు, చేయించారో లేదో చూడండి. లెట్రోజోల్ ఎముకని పల్చబరుస్తుంది. అవసరమైతే ఆరు నెలలకొకసారి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆసిడ్ ఇంజెక్షన్ ఎముకని కాపాడుతుంది, ముట్లు ఆగినవాళ్లలో జబ్బు ఎముకలకి పాకడాన్ని కూడా కొంత తగ్గిస్తుంది. ఇంకొకటి, కీళ్లనొప్పులకని సంతల్లో పొట్లాలు కట్టి అమ్మే పొడులు తెప్పించకండి. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంబరపడకండి, అలాంటివాటిలో కొన్నిట్లో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది, అసలే పల్చబడ్డ ఎముక మీద అది ఇంకో దెబ్బ.

అమ్మకి చెప్పాలా అన్నారు. రొమ్ము తీసేశారు, కీమోకి జుట్టు ఊడింది, వార్డులో పక్క మంచం ఆవిడతో గంటలు గంటలు కబుర్లు చెప్పింది, పైగా సొంత చెల్లెల్ని ఇదే జబ్బుతో సాగనంపింది. ఆవిడకి తెలియదని మీరు నిజంగా అనుకుంటున్నారా? నా అనుభవంలో ఇలాంటి ఇళ్లలో పిల్లలు అమ్మ దగ్గర దాస్తుంటారు, తనకి తెలుసన్న సంగతి అమ్మ పిల్లల దగ్గర దాస్తుంటుంది. తెలియనిది ఒక్కటే, ఆ మాత్ర ఆ జబ్బుకని. అది చెప్పకపోతే ఏ మాత్ర మార్చినా మళ్లీ అట్టపెట్టెలోకే వెళ్తుంది. ఒక్కసారిగా కూర్చోబెట్టి ప్రకటన చేయనక్కర్లేదు, "అమ్మా, నీకేమైందని నువ్వనుకుంటున్నావు" అని అడిగి ఊరుకోండి, ఆవిడే మొదలుపెడుతుంది. మీవల్ల కాదనిపిస్తే డాక్టరుగారితో ముందే చెప్పి, అమ్మని లోపలికి ఒక్కదాన్నే పంపండి, ఆయన్నే చెప్పమనండి. దాంట్లో ఒక చిక్కుంది, మీరు ఇన్నాళ్లూ దాచారన్న కష్టం ఆవిడకి కలగొచ్చు. ఎలాగూ చెప్పడం నచ్చకపోతే కనీసం "ఇది బలం మందు కాదు, గడ్డ మళ్లీ రాకుండా ఇచ్చింది" అన్నంతవరకైనా చెప్పండి. అందులో అబద్ధం లేదు, చాలామందికి అంతే చాలు.

అన్నయ్యతో పేచీని నేను మరీ పెద్దది చేయను. మూడేళ్లు ఆసుపత్రికి మోటారుసైకిల్ మీద తిప్పింది ఆయన, రేడియేషన్ రోజుల్లో వారాల తరబడి రాజమండ్రిలో పడిగాపులు పడింది ఆయన, రోజూ పొద్దున్న ఆ పిడికిలి మూసుకోకపోవడం చూస్తున్నదీ ఆయనా మీ వదినే. అమ్మ నొప్పిని చూడలేక "మంచి రకం" అన్న మాటని ఊతంగా పట్టుకున్నారు. ఫోన్లో రిసెప్టర్ల పాఠం చెప్తే వినరు. ఈసారి అపాయింట్‌మెంట్‌కి సెలవు పెట్టి మీరూ వెళ్లండి, ముగ్గురూ కలిసి, మీరు మాట్లాడటం కంటే ఆయన్నే అడగనివ్వండి: "మంచి రకం అన్నారు కదండీ, మాత్ర ఆపితే ఏమవుతుంది?" జవాబు డాక్టరు నోటినుంచి ఆయన చెవిన పడితే చాలు, మీరు గెలవనక్కర్లేదు. అక్కడ సరిగ్గా మాట్లాడే తీరిక దొరకకపోతే టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖలో అగనంపూడి దగ్గర ఉంది, రిపోర్టులన్నీ పట్టుకెళ్లి రెండో అభిప్రాయం తీసుకోవచ్చు.

ఇక మీ సంగతి, మీ అమ్మాయి సంగతి. హార్మోన్ పాజిటివ్, నెగటివ్ అన్నది తల్లి నుంచి బిడ్డకి వచ్చేది కాదు, అది ఆ గడ్డ లక్షణం. వంశంలో వచ్చేది బీఆర్‌సీఏ లాంటి జన్యువుల్లో లోపం. బీఆర్‌సీఏ1 లోపంతో వచ్చే గడ్డలు ఎక్కువగా మీ పిన్ని రకంవి, బీఆర్‌సీఏ2తో వచ్చేవి ఎక్కువగా మీ అమ్మ రకంవి. ఇద్దరు అక్కచెల్లెళ్లు, అందులో ఒకరికి 44కే మూడూ నెగటివ్ అంటే జన్యు పరీక్ష గురించి అడగాల్సిన కుటుంబమే మీది, అలాగని ఉండి తీరుతుందని కాదు, ఈ జబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి ఏ వారసత్వమూ ఉండదు. పరీక్ష మీకు కాదు, ముందు అమ్మకి చేయించాలి, ఎందుకంటే జబ్బు వచ్చిన మనిషి ఆవిడ. రక్తమో ఉమ్మో ఇస్తే చాలు. ఆవిడలో లోపం దొరికితే అదొక్కటే మీలో ఉందో లేదో చూస్తారు, ఉండే అవకాశం సగం. దొరక్కపోతే మీకు చాలావరకు ఊరటే. పరీక్ష వద్దనుకున్నా తప్పు లేదు, అప్పుడు మీరు నలభై నుంచి ఏటా మామోగ్రామ్ చేయించుకుంటూ, అంతకుముందే డాక్టరుతో చూపించుకుంటూ ఉండాలి. మీ అమ్మాయికి ఇప్పుడు ఏ పరీక్షా అక్కర్లేదు, ఆ పిల్లని వదిలేయండి, ఈ విషయం సంబంధాలు చూసే రోజుల్లో ఎవరైనా అంటారేమోనని ఇప్పట్నుంచే దాచే ఆలోచన కూడా వద్దు.

మీకంటే ముందు ఈ కబురు అందాల్సినవాళ్లు మీ పిన్ని పిల్లలు. ఉత్తరంలో వాళ్ల మాట ఎక్కడా లేదు. వాళ్లకి అమ్మ పోయి ఎన్నేళ్లయినా ఆ రిపోర్టు ఎక్కడో బీరువాలో ఉండే ఉంటుంది, పిన్ని బ్లాక్ కూడా ఆసుపత్రిలో ఉంటే ఉండొచ్చు. మగపిల్లలైనా సరే, జన్యువు వాళ్లకీ రావచ్చు, వాళ్లనుంచి వాళ్ల ఆడపిల్లలకీ రావచ్చు. ఆ రిపోర్టు ఫొటో తెప్పించుకుని అమ్మ ఫైల్లో పెట్టి తీసుకెళ్లండి, డాక్టరు జన్యు పరీక్ష గురించి నిర్ణయించేది ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకునే.